ఈల్డ్‌లో మూడో వంతు లోడుకే షాఫ్టు విరిగితే తప్పు స్టీలుదేనా?

ముందు ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. ఒకే ఈఎన్8 (మామూలు కార్బన్ స్టీలు) రాడ్డు నుంచి రెండు షాఫ్టులు చేయించారు. బేరింగ్ కూర్చునే చోట 40 మి.మీ., దాని లోపలి వైపు 50 మి.మీ. మెట్టు, బయటి చివర వీ-బెల్టు పుల్లీ. నిమిషానికి 300 చుట్లు, రోజుకు 8 గంటల పని. మెట్టు దగ్గర వంపు వల్ల వచ్చే స్ట్రెస్ లెక్కేస్తే 90 మెగాపాస్కల్. ఆ రాడ్డుకు ఈల్డ్, అంటే లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్, 280; తెగే బలం 550. అయినా రెండు నెలలకు ఒక షాఫ్టు మెట్టు మూల దగ్గర, ఏమాత్రం వంగకుండా, రంపంతో కోసినట్టు విరిగింది. రెండోది ఇంకా నడుస్తోంది. విరిగిన ముఖంలో కొంత భాగం పలుకులు పలుకులుగా ఉంది కాబట్టి స్టీలు నాసిరకమని, ఇంకా గట్టిదైన ఈఎన్24 అల్లాయ్ స్టీలుకు మారాలని మీకు సలహా ఇచ్చారు. డ్రాయింగులో మెట్టు మూలకు రేడియస్ ఏమీ ఇవ్వలేదు, టూలు మొన వదిలినంత, అంటే అర మిల్లీమీటరు, మిగిలిందని మీరే రాశారు.

జవాబు ఆ చివరి వాక్యంలోనే ఉంది. తప్పు స్టీలుది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఇది ఫెటీగ్, అంటే లోడు పదేపదే మారడం వల్ల పగులు పుట్టి పాకడం. ఆ పగులు పుట్టింది ఆ అర మిల్లీమీటరు మూలలో. పలుకులు కనిపించడం నాసిరకానికి గుర్తు కాదు. చిట్టచివర మిగిలిన కాస్త లోహం ఒక్కసారిగా తెగినప్పుడు ముఖం అలాగే ఉంటుంది. "పనిలో ఉండి ఉండి లోహం క్రిస్టలైజ్ అయిపోయింది" అనే మాట వర్క్‌షాపుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. 1842లో ఫ్రాన్సులోని వెర్సాయ్ దగ్గర రైలింజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగిన రోజుల్లోనూ చాలామంది ఇదే నమ్మారు. మరుసటి ఏడాదే స్కాటిష్ ఇంజనీరు రాంకిన్ దాన్ని కాదన్నాడు. ఇరుసుల్లో పగులు మెట్టు మూల దగ్గర మొదలై లోపలికి పాకుతోందని, అక్కడ గుండ్రన ఇవ్వాలని చెప్పాడు. లోహం మొదటి నుంచీ స్ఫటికాలే, కొత్తగా ఏమీ కాదు.

లెక్కల కంటే ముందు విరిగిన ముఖం చూడండి. రెండు ముక్కల్ని కలిపి "సరిగ్గా అతుకుతున్నాయా" అని ఆనించి చూడకండి. చాలామంది మొదట చేసే పని అదే, దాంతో సాక్ష్యం నలిగిపోతుంది. వైర్ బ్రష్, ఎమెరీ తగలనివ్వకండి. మెత్తటి బ్రష్షుతో అసిటోన్ రాసి కడిగి, ఆరబెట్టి, పల్చగా నూనె పూసి గుడ్డలో చుట్టి పెట్టండి. చూసేటప్పుడు నూనె తుడిచి, టార్చి వెలుగును ముఖానికి దాదాపు సమాంతరంగా పక్క నుంచి వేసి, పది రెట్ల భూతద్దంతో చూడండి.

అంచు వెంబడి వ్యాసార్థం దిశలో చిన్న చిన్న మెట్లు కనిపిస్తే, అవి పక్కపక్కనే వేర్వేరు ఎత్తుల్లో పుట్టిన పగుళ్లు కలిసిన చోట్లు. మూల పదునుగా ఉందనడానికి ఇంతకంటే మంచి గుర్తు ఉండదు. ఒకే పగులు ఒకే చోట పుట్టి ఉంటే ఒక గీత, ఒక మచ్చ, లోహంలో చిక్కుకున్న ఒక మలినం లాంటిది దొరకాలి. అక్కడి నుంచి లోపలికి నున్నగా ఉండే ప్రాంతం పగులు నెమ్మదిగా పాకిన మేర. మిషను ఆపి మళ్లీ నడిపినప్పుడు, లోడు మారినప్పుడు దాని మీద వంపు గీతలు పడతాయి. లోడు ఎప్పుడూ మారకుండా ఏకధాటిగా నడిస్తే ఆ గీతలు ఉండకపోవచ్చు, అవి లేవని ఫెటీగ్ కాదనుకోకండి. మిగిలిన గరుకు భాగం చివరి తెగుడు. ఆ గరుకు భాగం మొత్తం వైశాల్యంలో చిన్నదైతే అసలు లోడు తక్కువే అని అర్థం, లోహం సగానికి పైగా పోయాక కూడా షాఫ్టు మోసింది. పెద్దదైతే లోడు నిజంగానే ఎక్కువ. మీ ముఖంలో గరుకు ముక్క పావు వంతు లోపు ఉంటే, మీ 90 లెక్క దాదాపు సరైనదేనని షాఫ్టే చెబుతున్నట్టు.

ముఖం అక్షానికి అడ్డంగా కాకుండా 45 డిగ్రీల మరలాగా ఉంటే కథ వేరు, అది మెలికకు పెళుసుగా విరిగినట్టు. సుద్దముక్కను మెలిపెట్టి చూస్తే అదే ఆకారం వస్తుంది. సాగే స్టీలు ఒక్క మెలికకు తెగితే ముఖం అడ్డంగా, సుళ్లు తిరిగినట్టు నున్నగా ఉంటుంది, పైన గీత గీసి ఉంటే ఆ గీత మెలితిరిగి కనిపిస్తుంది. బేరింగ్ కింద, హబ్ కింద ఎర్రటి పొడి ఉంటే అది ఫ్రెటింగ్, బిగుసుగా కూర్చున్న రెండు లోహాల మధ్య మైక్రాన్లలో జరిగే రాపిడి. అది ఒక్కటే ఫెటీగ్ బలాన్ని సగానికి దించగలదు.

ఇక లెక్క. ఈల్డ్ 280 అనే సంఖ్య ఒక్కసారి లాగితే ఏమవుతుందో చెబుతుంది. తిరిగే షాఫ్టులో పై పొర ప్రతి చుట్టుకూ ఒకసారి లాగబడుతుంది, ఒకసారి నొక్కబడుతుంది. 300 చుట్లు, 8 గంటలు అంటే రోజుకు లక్షా 44 వేల సార్లు, రెండు నెలల్లో సుమారు 86 లక్షలు. దీనికి తగిన సంఖ్య ఎండ్యూరెన్స్ లిమిట్, అంటే ఎన్నిసార్లు తిరగబడినా లోహం ఓర్చుకునే స్ట్రెస్ హద్దు. నున్నటి చిన్న నమూనాకు అది తెగే బలంలో సగం, అంటే 275. మీ షాఫ్టు నున్నటి నమూనా కాదు. లేత్ మీద తిప్పిన ఉపరితలానికి 0.85, 40 మి.మీ. సైజుకు 0.84 వేస్తే 196 మిగులుతుంది. ఇది సగటు, అంటే సగం షాఫ్టులు దీనికి లోపే పోతాయి. వందకు 99 బతకాలంటే మరో 0.81 వేయాలి, అప్పుడు 159.

మరి మూల దగ్గర నిజంగా ఎంత పడుతోంది? 50 నుంచి 40కి దిగే మెట్టులో రేడియస్ 0.5 అయితే, ఛార్టుల ప్రకారం మూల దగ్గర స్ట్రెస్ రెండున్నర రెట్లు. మెత్తటి స్టీలు అంత పదునైన మూలను పూర్తిగా లెక్కచేయదు, ఎంతమేర లెక్కచేస్తుందో చెప్పే నాచ్ సెన్సిటివిటీని 0.64 దాకా వేసుకుంటే ఫెటీగ్‌కు పనికొచ్చే గుణకం సుమారు 2. తొంభైని రెండుతో గుణిస్తే 180.

ఇప్పుడు మూడు సంఖ్యల్నీ పక్కపక్కన పెట్టండి: 159, 180, 196. మీ షాఫ్టు సరిగ్గా మధ్యలో ఉంది. ఇలాంటి చోట ఆరేడింట ఒక షాఫ్టు విరుగుతుంది, మిగతావి నడుస్తాయి. ఒకే రాడ్డులో ఒకటి పోయి ఒకటి మిగలడం అందుకే, వింతేమీ లేదు. దానికి తోడు బెల్టు 20 శాతం ఎక్కువ బిగించి ఉంటే 180 కాస్తా 216 అవుతుంది, అప్పుడు సగానికి పైగా పోతాయి. ఎండ్యూరెన్స్ లిమిట్ అనే గీతకు పైన స్ట్రెస్ 10 శాతం పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. కాబట్టి "బెల్టు జారుతోందని కొంచెం బిగించాం" అన్నది చిన్న మాట కాదు. వీ-బెల్టు బిగింపును చేత్తో నొక్కి అంచనా వేయకండి. పుల్లీల మధ్య ప్రతి 100 మి.మీ. పొడవుకు 1.6 మి.మీ. వంగాలంటే ఎంత బలం పట్టిందో స్ప్రింగ్ త్రాసుతో కొలిచి, ఆ బెల్టు సైజుకు పట్టికలో ఇచ్చిన విలువతో పోల్చండి.

ఈల్డ్ లోపే ఉన్నప్పుడు లోహం ఎందుకు పాడవ్వాలి అన్నది మీ ప్రశ్నలో అసలు కీలకం, దీని మీద కాస్త ఆగుదాం. సగటున చూస్తే ఈల్డ్ లోపే. మూల దగ్గర లెక్క 225 దాకా పోతుంది, అక్కడ ఉన్న కొన్ని స్ఫటిక రేణువులు తమ దిశ అనుకూలంగా ఉండడం వల్ల అంతకంటే తక్కువకే జారతాయి. ఒక్కసారి లాగితే ఈ జారుడు మేలే చేస్తుంది: మూల కొంచెం సాగి, భారాన్ని పక్కవాళ్లకు పంచి, ఊరుకుంటుంది. అందుకే సాగే స్టీలుకు స్థిరమైన లోడులో పదును మూలల భయం అంతగా ఉండదు. లోడు తిరగబడుతూ ఉంటే మాత్రం రేణువు ముందుకు జారి, వెనక్కి వచ్చేటప్పుడు అదే దారిలో రాదు. లక్షల సార్లకు ఉపరితలం మీద మైక్రాన్ల లోతు గాళ్లు, గట్లు తేలతాయి. ఆ గాడే మొదటి పగులు. ఆయుష్షులో ఎక్కువ భాగం ఈ దశకే పోతుంది, బయటి నుంచి చూస్తే షాఫ్టు కొత్తదానిలాగే ఉంటుంది.

పగులు వచ్చాక నియమం మారుతుంది. 1913లో ఇంగ్లిస్ అనే ఇంజనీరు చూపించినది ఇది: రంధ్రం గుండ్రంగా ఉంటే దాని అంచున స్ట్రెస్ మూడు రెట్లు, అదే పగులులా సన్నగా ఉంటే లోతును మొన రేడియస్‌తో భాగించి, వర్గమూలం తీసి, రెండింతలు చేసి, ఒకటి కలపాలి. ఒక మిల్లీమీటరు లోతు, మొన ఒక మైక్రాను అయితే 64 రెట్లు. గుడ్డకు అంచున కత్తెర గాటు పెడితే చేత్తో చింపగలగడం ఇందువల్లే. కానీ ఈ లెక్క ప్రకారం మొన అణువంత పదునైతే ఏ లోడుకైనా ఏ వస్తువైనా విరగాలి, అలా జరగడం లేదు. ఆ చిక్కును ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో పనిచేసిన గ్రిఫిత్ 1920లో విప్పాడు. పగులు పాకాలంటే కొత్త ఉపరితలం సృష్టించడానికి శక్తి కావాలి, ఆ శక్తి సాగి ఉన్న పదార్థం సడలడం వల్ల రావాలి. పగులు రెండింతలైతే ఖర్చు రెండింతలు, రాబడి నాలుగింతలు. ఒక పొడవు దాటాక రాబడి ఖర్చును మించుతుంది, ఇక పగులును ఆపేదేమీ ఉండదు.

గాజు మీద ఇది చక్కగా సరిపోయింది. అణుబంధాల లెక్కన గాజు 7,000 మెగాపాస్కల్ దాకా ఓర్చుకోవాలి, మామూలు పలక వందలోపే పగులుతుంది. గ్రిఫిత్ తీసిన గాజు పోగుల్లో ఒక మిల్లీమీటరు లావుది సుమారు 170కి తెగితే, మూడు మైక్రాన్లది 3,400 దాకా ఓర్చింది. పదార్థం ఒకటే, పట్టే లోపం సైజు వేరు. గాజు కోసే పనిలో గీత గీసి విరవడం ఈ సూత్రమే. గీత మీద నీళ్లు రాస్తే ఇంకా సులువుగా విరుగుతుంది, మొన దగ్గరి బంధాలను తేమ తెంపుతుంది.

స్టీలు విషయంలో గ్రిఫిత్ సమీకరణం అలాగే వేస్తే తప్పు జవాబు వస్తుంది, ఎందుకంటే అసలు ఖర్చు ఉపరితలానిది కాదు, మొన చుట్టూ లోహం సాగడానిది. గాజులో చదరపు మీటరు పగులుకు పది జౌళ్ల లోపు, మంచి స్ట్రక్చరల్ స్టీలులో పదివేలల్లో. 1957లో అమెరికన్ శాస్త్రవేత్త ఇర్విన్ దీన్ని వాడకానికి అనువుగా మార్చాడు: స్ట్రెస్‌ను, పై (3.14) రెట్లు పగులు లోతుకు ఉండే వర్గమూలంతో గుణించి, ఆకారానికి ఒక గుణకం వేస్తే కె, అంటే పగులు మొన దగ్గరి స్ట్రెస్ తీవ్రత, వస్తుంది. అది పదార్థపు హద్దును తాకితే విరుగుతుంది. గాజు హద్దు 0.75 మెగాపాస్కల్ రూట్ మీటర్, అల్యూమినా 3 నుంచి 5, విమానాల్లో వాడే 7075-టి6 అల్యూమినియం పాతిక పైన, బాగా గట్టిపరిచిన అల్లాయ్ స్టీలు 50 దగ్గర, మామూలు స్ట్రక్చరల్ స్టీలు వంద దాటుతుంది.

ఇక్కడే గట్టి స్టీలు మోజు దెబ్బతీస్తుంది. హద్దు 50 ఉన్న స్టీలును దాని బలానికి తగ్గట్టు 800 మెగాపాస్కల్‌లో వాడితే, ఒక్క మిల్లీమీటరు ఉపరితల పగులు చాలు. హద్దు 120 ఉన్న మెత్తటి స్టీలును 170లో వాడితే 12 సెంటీమీటర్లు కావాలి. మొదటిదాన్ని పరీక్షలో పట్టుకోవడం కష్టం, రెండోదాన్ని చూడకుండా ఉండడం కష్టం. మీ షాఫ్టుకు ఈ లెక్కన వచ్చే పగులు లోతు షాఫ్టు వ్యాసం కంటే పెద్దది, అంటే టఫ్‌నెస్ (పగులుకు ఎదురు నిలిచే గుణం) సమస్యే కాదు. పగులు తినుకుంటూ పోయి, మిగిలిన లోహం మోయలేక తెగింది. స్టీలు నాసిరకం అనే వాదనకు ఇది మరో దెబ్బ.

పాకే వేగం కూడా చూడండి. పగులు 5 మి.మీ. లోతు చేరేసరికి మీ లోడులో చుట్టుకు మూడు నాలుగు నానోమీటర్లు. వినడానికి ఏమీ లేదు, రోజుకు లక్షా 44 వేల చుట్లలో అది దాదాపు అర మిల్లీమీటరు. పది మిల్లీమీటర్ల లోతుకు రోజుకు సుమారు ఒకటిన్నర. నెలకోసారి చెక్ చేస్తే పట్టుకోవచ్చనుకోవద్దు, పగులు అంత లోతుకు చేరాక మీ చేతిలో ఉండేవి వారాలు కాదు, రోజులు.

ఈఎన్24కి మారితే? తెగే బలం 900 అనుకుంటే 64 శాతం పెరిగింది. కానీ గట్టి స్టీలుకు ఉపరితల గుణకం 0.74కి దిగుతుంది, పదును మూలను ఎక్కువ లెక్కచేస్తుంది కాబట్టి గుణకం 2 నుంచి 2.14కి ఎక్కుతుంది. అన్నీ కలిపితే ఆ మూల దగ్గర లాభం మూడో వంతు మాత్రమే. ఈఎన్8లోనే మూల రేడియస్‌ను 0.5 నుంచి 3 మి.మీ. చేస్తే గుణకం 1.58కి పడి, 180 కాస్తా 142 అవుతుంది. అది 159కి లోపల. ఖర్చు ఒక టూలు గ్రైండింగ్.

ఒక చిక్కు ఉంది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 40 మి.మీ. బోరు 6208 బేరింగుకు షాఫ్టు మూల రేడియస్ 1 మి.మీ. మించకూడదు, లేకపోతే లోపలి రింగు మెట్టుకు ఆనకుండా రేడియస్ మీద ఎక్కి కూర్చుంటుంది. 1 మి.మీ.తో వచ్చేది 165, ఇంకా 159కి పైనే. కాబట్టి మూలకు 3 ఇచ్చి, మెట్టుకూ బేరింగుకూ మధ్య ఒక స్పేసర్ రింగు వేయండి. మెట్టు వైపు దాని బోరుకు 3.5 మి.మీ. ఛాంఫర్ (ఏటవాలు కోత), రెండు ముఖాలూ సమాంతరంగా గ్రైండ్ చేసి ఉండాలి. మెట్టు ఎత్తు 5 మి.మీ. కాబట్టి ఆనడానికి చుట్టూ 1.5 మి.మీ. మిగులుతుంది, సరిపోతుంది. బేరింగు ఉన్నచోటే ఉండేలా, స్పేసర్ మందం మేర మెట్టును లోపలికి జరపండి. బేరింగును బయటికి జరిపి మిగతా అమరిక మార్చకండి. స్పేసర్‌కు చోటు లేకపోతే మెట్టు ముఖంలోకి తొలిచి రేడియస్ ఇవ్వచ్చు, 40 వ్యాసంలోకి మాత్రం గాడి కోయకండి.

రేడియస్‌ను అదే ఆకారానికి రుద్దిన ఫారం టూలుతో ఒక్కసారిగా కోస్తే వణుకు గీతలు పడతాయి, చివరి కోత పల్చగా తీసుకోండి. తర్వాత ఎమెరీతో చుట్టూ కాకుండా అక్షం వెంబడి రుద్దండి. చుట్టూ ఉండే గీత పగులుకు తెరిచిన దారి, నిలువు గీత హాని చేయదు. డ్రాయింగులో "రేడియస్ 3, టూలు గుర్తులు ఉండరాదు" అని రాయండి. రాయనిది టర్నర్ చేయలేదని అనడం న్యాయం కాదు.

అరిగిన సీటును ఆర్క్ వెల్డింగుతో నింపి మళ్లీ తిప్పిన షాఫ్టు అయితే పైన చెప్పిన లెక్కలేవీ నిలవవు. 0.4 శాతం కార్బన్ స్టీలును సుమారు 200 డిగ్రీలకు ముందుగా వేడిచేయకుండా వెల్డ్ చేస్తే పక్క పొర గట్టిపడి పెళుసవుతుంది, హైడ్రోజన్ చేరి గంటల తర్వాత కూడా పగులుతుంది. మెట్టు మూల దగ్గర వెల్డింగ్ అసలే వద్దు.

ఇక నడుస్తున్న రెండో షాఫ్టును వెంటనే ఆపండి. బేరింగు తీయకుండా మూల కనిపించదు, తీయాల్సిందే. పగుళ్లలోకి ఇంకే రంగుతో చేసే డై పెనిట్రాంట్ పరీక్ష చాలు: నూనె పూర్తిగా పోయేలా క్లీనరుతో కడిగి ఆరబెట్టి, ఎర్ర రంగు పూసి కనీసం పది నిమిషాలు ఉంచి, క్లీనరు తడిపిన గుడ్డతో తుడవండి. క్లీనరును నేరుగా షాఫ్టు మీద స్ప్రే చేస్తే పగులులోని రంగు కూడా కడిగేసుకుపోతుంది, ఏమీ లేదని మోసపోతారు. డెవలపరు పల్చగా కొట్టి మరో పది నిమిషాలు ఆగి చూడండి. మూల వెంబడి సన్నటి ఎర్ర గీత, చుక్కల వరుసైనా సరే, తేలితే షాఫ్టును పక్కన పడేయండి. మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష అందుబాటులో ఉంటే అది ఇంకా మేలు, నూనె మూసేసిన సన్నటి పగుళ్లను కూడా పడుతుంది. ఏమీ తేలకపోతే మెట్టు ముఖాన్ని లోపలికి కోసి రేడియస్ 3 ఇవ్వండి, పాత మూలలో ఉన్న మైక్రాన్ల లోతు గాళ్లు ఆ కోతలోనే పోతాయి. అయ్యాక మరోసారి పెనిట్రాంట్ వేసి చూసి, అప్పుడే బేరింగు ఎక్కించండి.